పెరుగు దాకా ఆగవే

మొన్న మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ మెస్‌లో మా టేబుల్ మీద మూడు అరిటాకులు పడ్డాయి. మేము ఉన్నది ఇద్దరమే. ఒకరు నేను, ఇంకొకరు ఎల్బీనగర్‌లో కొత్తగా బాయ్స్ హాస్టల్ తెరిచిన సార్. హాస్టళ్ళకు బెడ్‌షీట్లు, దిండు గలీబులు, కర్టెన్లు కుట్టించి ఇవ్వడం నా పని. కొత్త ఆర్డర్ మాట్లాడాలంటే ముందు ఎదుటి మనిషితో కూర్చుని అన్నం తినడం నా పద్ధతి. నాది అంటున్నాను గానీ నిజానికి నాది కాదు. అది ఎవరి పద్ధతో ఆ మెస్‌లో వడ్డించే ఆయనకు తెలుసు. అందుకే మూడో ఆకు వేశాడు.

"ఇది ఎవరికన్నా?" అని అడిగాను.

"పెద్దమ్మగారికండి. చేతులు కడుక్కుంటున్నారేమో అనుకున్నాను," అంటూ ఆయన వాష్ బేసిన్ వైపు తొంగి చూశాడు.

ఆవిడ ఇక రారని అప్పుడే చెప్పాల్సింది. కానీ ఎదురుగా కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు, పప్పు గిన్నె వచ్చేస్తోంది. "ఉండనీ అన్నా," అన్నాను అంతే.

"ఇంకెవరన్న ఒస్తున్రా మేడం?" అన్నాడు కొత్త సార్.

"లేదు సార్. మీరు తినుండ్రి."

ఆవిడ పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. ఆ సందుల్లో అందరికీ ఆవిడ హాస్టల్ ఆంటీ. కోచింగ్‌లకు వచ్చే అమ్మాయిల కోసం హాస్టళ్ళు నడిపేది. గుంటూరు వైపు మనిషి. పొట్టిగా ఉండేది. గంజి పెట్టిన నేత చీర కట్టేది. ఆ చీర చప్పుడు ముందు వచ్చేది, తర్వాత ఆవిడ వచ్చేది. భుజానికి పెద్ద హ్యాండ్‌బ్యాగ్, అందులో రబ్బర్ బ్యాండ్ చుట్టిన చిన్న స్టీలు డబ్బా. అందులో నెయ్యి. ఏ హోటల్‌కి వెళ్ళినా ఆ డబ్బా తీసేది. ఒకసారి ఏసీ రెస్టారెంట్‌లో మేనేజర్ వచ్చి బయటి ఫుడ్ లోపలికి తేకూడదని చెప్పాడు. "ఇది ఫుడ్ కాదు బాబూ, నెయ్యి," అని ఆయన చేతిలో కూడా ఒక చుక్క వేసింది. ఆయన అలాగే చెయ్యి చాపుకుని వెళ్ళిపోయాడు, పాపం.

మెట్రో పిల్లర్ల కింద రోడ్డు దాటాలంటే నేను ఇప్పటికీ ఎవరైనా దాటేవాళ్ళు దొరికేదాకా నిలబడతాను. ఆవిడ మాత్రం కుడి చెయ్యి ఎత్తి, మీదికొస్తున్న బస్సుతో "ఆగు నాయనా, వస్తున్నా కదా," అనేది. బస్సు ఆగేది. ఎప్పుడైనా ఆగకపోతే డ్రైవర్ వైపు జాలిగా చూసి, "వీడు అన్నం తినలేదే ఇంకా," అనేది.

ఆవిడకు అన్నీ అన్నంతోనే ముడి. క్లయింటు, డీలరు, సప్లయరు అనే మాటలు ఆవిడ నోట రావు. "గ్యాస్ ఆయనా? ఆయనతో తిన్నానే, పర్లేదు, మంచివాడే," అనేది. "ఆ ప్లంబర్‌కి పని ఇప్పుడే ఎలా ఇస్తాం? వాడితో నేనింకా తినందే!" అనేది. ఎవరినైనా ఎక్కువ నమ్మిందంటే "ఆయన నా భోజనం మనిషి" అని చెప్పేది. అంతకు మించిన సర్టిఫికెట్ ఆవిడ దగ్గర లేదు.

ఆవిడను నేను మొదట చూసింది ఒక బట్టల షాపులో. హాస్టళ్ళకు కర్టెన్లు కొనడానికి వచ్చేది, నేను అక్కడ కర్టెన్ల సెక్షన్‌లో పనిచేసేదాన్ని. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది నా చదువు, కుట్టుపని మాత్రం చేతికి బాగా వచ్చింది. రోజంతా వేరేవాళ్ళ సరుకు పొగిడి పొగిడి విసుగొచ్చి ఉద్యోగం మానేసి, బడంగ్‌పేట్‌లో మా ఇంటి పక్కన బర్రెల కొట్టం ఖాళీగా ఉంటే అందులో కుట్టుమిషన్లు పెట్టాను. మా వాడకట్టు ఆడవాళ్ళు ఇద్దరు కుట్టడానికి వచ్చేవాళ్ళు. మా నాయిన కొట్టం ఇచ్చాడు కానీ గడువు కూడా పెట్టాడు.

"దసరా దాంక సూస్త బిడ్డా. అప్పటికి నడ్వకుంటే కొట్టం కిరాయికిచ్చేస్త. టిఫిన్ సెంటర్ ఆయన రోజూ అడుగుతుండు."

ఆ టిఫిన్ సెంటర్ ఆయన ఒకరోజు నిజంగానే వచ్చి, మిషన్ల మధ్య నిలబడి, పెనం ఎక్కడ పెట్టాలో చేతులు చాపి చూసుకుని వెళ్ళాడు. నాకు నిద్ర పట్టలేదు. నాకు కావాల్సింది ఒక్క మంచి హాస్టల్ ఆర్డర్. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ అంటే గుర్తొచ్చింది ఆవిడే. ఫోన్ చేశాను.

"మేడం, నేను కర్టెన్ల షాపుల ఉంటుంటి గదా, ఇప్పుడు నేనే సొంతంగ..."

"భోంచేశావా?"

"తిన్న మేడం."

"ఎందుకు తిన్నావు? రేపు తినకుండా రా."

మరుసటి రోజు ఆ మెస్‌లో కూర్చున్నాం. ఆకులు వేశారు, నీళ్ళు చల్లుకున్నాం, పప్పు వచ్చింది. నేను ఇంక ఆగలేక సంచిలోంచి బెడ్‌షీట్ తీసి, ఆవిడ ఆకు పక్కనే పరిచేశాను.

"లోపల పెట్టవే. పప్పు చల్లారిపోతోంది."

"ఒక్కసారి బట్ట పట్టుకుని చూడుండ్రి మేడం..."

"పప్పు దగ్గర పని మాట్లాడకూడదు. పప్పు దగ్గర ఊరు మాట్లాడాలి. కూర దగ్గర పిల్లలు. చారు దగ్గర జబ్బులు. పెరుగు దగ్గర పని. అంతదాకా ఆగు," అని నా అన్నం మీద నెయ్యి వేసింది. "రేటు మాత్రం అక్కడ," అంటూ ఎడమచేత్తో వాష్ బేసిన్ చూపించింది. "చేతులు తడిగా ఉన్నప్పుడు మనిషి ఫోన్ పట్టుకోలేడు, అబద్ధం ఆలోచించుకోలేడు. సరే, ఏ ఊరు మీది?"

"బడంగ్‌పేట్ మేడం."

"ఉండేది కాదే. సొంతూరు?"

"సొంతూరే బడంగ్‌పేట్ మేడం. మా తాతల కాలం కెంచి ఆడ్నే."

ఆవిడ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. "సొంతూరు ఇక్కడే అయిన మనిషితో ఇన్నేళ్ళలో ఇవాళే తింటున్నా," అని సర్వర్‌ని కేకేసింది. "బాబూ, ఈ పిల్లకి ఇంకో గరిటె పప్పు వెయ్యి. మనందరం వీళ్ళింటికి వచ్చిన చుట్టాలం. మనమే ఎదురు వడ్డిస్తున్నాం, చూడు!"

నవ్వాను కానీ నా ప్రాణమంతా సంచిలోనే ఉంది. కూర దగ్గర మా చెల్లె గురించి అడిగింది, చెప్పాను. చారు దగ్గర తన మోకాళ్ళ గురించి చెప్పింది, విన్నాను. పెరుగు వచ్చేసరికి నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ఇంత మంచి మనిషి దగ్గర మర్యాదగా ఉండాలని, "పెరుగు వద్దన్నా, సాలు," అనేసి ఆకు మడిచేశాను. పెరుగే లేకపోతే ఇంక పని మాట ఎక్కడిది? అది తట్టేసరికి సర్వర్ నా ఆకు వైపు అదోలా చూస్తున్నాడు. ఆంటీ కూడా చూసింది. పెరుగన్నం మెల్లగా ముగించి లేచింది.

చేతులు కడుక్కుంటుంటే బేసిన్ పైన అద్దంలో ఆవిడ కళ్ళు నన్ను పట్టుకున్నాయి.

"ఏమ్మా, మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"అయ్యో, లేదు మేడం! ఏమైంది?"

"మరి మా ఇంట్లో ఎవరైనా పోవాలా?"

నా చేతిలో సబ్బు జారిపోయింది.

"ఆకు అటువైపు మడిచావే. అటు మడిచేది చావు భోజనాల్లో. ఇలాంటి భోజనం మళ్ళీ రాకూడదని. మామూలప్పుడు మనవైపుకి మడుచుకోవాలి. తృప్తిగా తిన్నాను, మళ్ళీ వస్తానని."

"మా దిక్కు ఇస్తారాకు ఎట్ల మడిస్తె ఏంది మేడం, తీసి పారేస్తం గదా!"

ఆవిడ నల్లా పట్టుకుని నవ్వింది. పక్కన చెయ్యి కడుక్కునే ఆయన మీద నీళ్ళు పడ్డాయి, ఆయన్ని చూసి ఇంకా నవ్వింది. "సరే పో. ఇది భోజనం కింద రాదు. వచ్చే వారం మళ్ళీ తిందాం. పెరుగు వద్దన్నావంటే ఊరుకోను."

ఇంటికెళ్ళి చెప్తే మా అమ్మకు ఏమీ అర్థం కాలేదు. "ఆర్డర్ ఇయ్యకుండ అన్నం పెట్టి పంపిందా? గిట్లయితే నువ్వు లావైతవ్, మిషిన్లు సన్నబడ్తయ్," అంది.

మా అమ్మ అన్నట్టే అయింది. వారం వారం పిలిచేది. "ఖాళీయేనా? తినకుండా రా," అనేది. ఆర్డర్ కోసం ఆశగా వెళ్తే అక్కడ ఎవరో ఒక కొత్త మనిషి ఉండేవాడు. మంచినీళ్ళ డబ్బాలు వేసే ఆయన, పరుపులు చేసే ఆయన, కూరగాయల ఆయన. నేను వాళ్ళతో పాటు తినాలి. వాళ్ళు వెళ్ళిపోయాక నాకు పరీక్ష.

"ఎలా ఉన్నాడు?"

"మంచిగనే మాట్లాడిండు ఆంటీ."

"మాటలు కాదే. సర్వర్‌ని కసిరాడు, చూశావా? సర్వర్‌ని కసిరినవాడు రేపు నీ మిషన్ల దగ్గర ఆడవాళ్ళని కసురుతాడు. వాడికి కుట్టకు."

ఆవిడ చెప్పినవన్నీ నిజమయ్యేవని కాదు. పప్పు ముద్దలు చక్కగా చేసుకుని, ఆకు మీద ఒక్క మెతుకు వదలకుండా, పక్కవాళ్ళకు నీళ్ళు పోసి మరీ తిన్న ఒక పరుపుల ఆయన చివరికి దూదికి బదులు చింకి గుడ్డలు కూరిన పరుపులు పంపాడు. హాస్టల్ అమ్మాయిలు గొడవ చేశారు. ఆంటీ పరుపు కోసం బాధపడలేదు. "అంత చక్కగా తిన్నాడే!" అని రెండు వారాలు బాధపడింది. ఇంకో ఆయన సరుకు నిజంగా బాగుంటే, తింటూ ఫోన్ చూసుకున్నాడని వదిలేసింది. "ఆయన సరుకు మంచిది ఆంటీ," అన్నాను. "అయ్యుండొచ్చు. కానీ ఆయన మనతో తినలేదు, ఫోన్‌తో తిన్నాడు," అంది. ఈ విషయంలో ఆవిడతో వాదించలేం. నేను వాదించేదాన్నే అనుకోండి, చారు చల్లారేదాకా.

ఈలోగా దసరా దగ్గరికొచ్చింది. ఒకరోజు చిన్నమ్మాయిల స్కూల్ ఫంక్షన్‌కి డ్రెస్సులు, ఒకరోజు ఎవరింటికో సోఫా కవర్లు, ఇలా చిల్లర పనులతో మిషన్లు తిరుగుతున్నాయి. టిఫిన్ సెంటర్ ఆయన ఈసారి తన భార్యను కూడా తీసుకొచ్చి కొట్టం చూపించాడు. ఆవిడ నా కటింగ్ టేబుల్ మీద చెయ్యి వేసి, "గిది ఇడ్లీ పాత్రలకు మంచిగుంటది," అంది. ఆ సాయంత్రం సిగ్గు విడిచి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, ఇంక తినను. తిని తిని అలసిపోయిన. ఇస్తరా, ఇయ్యరా చెప్పుండ్రి."

"మోకాళ్ళు సహకరించట్లేదని కొనుగోళ్ళన్నీ మా అల్లుడికి ఇచ్చానే. హాస్టళ్ళన్నిటికీ బెడ్‌షీట్లు మార్చాలి. వాడేమో రెడీమేడ్ సరుకు చూసి పెట్టుకున్నాడు."

"మీరు చెప్తె ఇంటడు గదా ఆంటీ."

"వింటాడు. కానీ అత్త చెప్పిన సరుకులో అల్లుడికి రోజూ ఒక తప్పు కనిపిస్తుంది. నేను చెప్పను. తీసుకొస్తాను. నువ్వు తిను వాడితో."

మరుసటి రోజు ముగ్గురం కూర్చున్నాం. ఆంటీ అల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొందరగా మాట్లాడే మనిషి. ఆకు మీద నీళ్ళు చల్లకముందే ఫోన్ టేబుల్ మీద పెట్టాడు. పప్పు పడగానే, "చెప్పండమ్మా, బెడ్‌షీట్ రేటు ఎంత వేస్తున్నారు?" అన్నాడు.

నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ తన ఆకులో ఉప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు తల దించుకుంది. ఇంక నాకు నేనే దిక్కు.

"సార్, పప్పు సల్లారుతది. ముందు తినుండ్రి. మీది ఏ ఊరు?"

ఆయన ఆశ్చర్యంగా అత్తగారి వైపు చూశాడు. అత్తగారు నెయ్యి డబ్బా తెరిచి ఆయన అన్నం మీద ఇంత వేసింది. నెయ్యి పడ్డాక మనిషి కొంచెం మెత్తబడ్డాడు. తెనాలి పక్కన ఊరన్నాడు. కూర దగ్గర తన చిన్న కూతురు ఎలా అబద్ధాలు చెప్తుందో చెప్పి తనే నవ్వాడు. చారు దగ్గర ఎప్పటినుంచో ఉన్న నడుంనొప్పి గురించి మొదలుపెట్టాడు.

"కాలేజీ హాస్టల్లో పడుకున్నప్పుడు మొదలైందండి. దుప్పటి ఎప్పుడూ జారిపోయేది. పొద్దున లేచేసరికి పరుపు మీది రెక్సిన్ వీపుకి అతుక్కుని ఉండేది. ఊడదీసుకుని లేవడమే ఒక పని!"

నా సంచిలో ఉన్న బెడ్‌షీట్లకు నాలుగు మూలలా నాడాలు కుట్టి ఉన్నాయి, మంచానికి కట్టేస్తే జారవు. చెప్దామని నాలుక దురద పెట్టేస్తోంది. కానీ ఇంకా చారే. ఆగాను. పెరుగు రావాలి. సర్వర్ ఎక్కడో దూరంగా వేరే టేబుల్ దగ్గర ఉన్నాడు. అప్పుడు మోగింది ఆ ఫోన్.

"ఓనర్ గారండీ, బిల్డింగ్ ఓనర్. నేను వెళ్ళాలి," అంటూ ఆయన లేచిపోయాడు. "పెరుగు వద్దులెండి. మీ శాంపిల్ తర్వాత పంపించండి, చూద్దాం."

తర్వాత, చూద్దాం. ఈ రెండు మాటలకు అర్థం బట్టల షాపులో పనిచేసినవాళ్ళకు బాగా తెలుసు. నా ముందు ఇడ్లీ పాత్రలు కనిపించాయి. ఆంటీ నెయ్యి డబ్బాకు రబ్బర్ బ్యాండ్ చుట్టేసింది.

నేను ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, సంచి ఎడమ భుజానికి తగిలించుకుని ఆయన వెనకే వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియదు. ఆయన చేతులు కడుక్కుని చూస్తే పక్కన టిష్యూ పేపర్లు అయిపోయాయి. జేబులో ఫోన్ మళ్ళీ మోగుతోంది. రెండు చేతులూ నీళ్ళు కారుతున్నాయి, ఇస్త్రీ చొక్కా. అటూ ఇటూ చూస్తున్నాడు. నేను ఏమీ ఆలోచించలేదు. సంచిలో ఎడమచేతికి తగిలిన తెల్లటి దిండు గలీబు తీసి ఇచ్చాను.

ఆయన తుడుచుకుని, ఫోన్ తీసి, "వస్తున్నానండీ, పది నిమిషాలు," అని పెట్టేశాడు. అప్పుడు చేతిలోది ఏంటో చూసుకున్నాడు.

"అయ్యో, ఇది శాంపిలా? పసుపు మరక అంటిందండి."

"ఏం గాదు సార్."

ఆయన గలీబును మళ్ళీ ఒకసారి వేళ్ళ మధ్య నలిపాడు. "బాగా పీలుస్తోందే తడి. నేను చూసిన రెడీమేడ్‌వి జారుడుగా ఉన్నాయి, నీళ్ళు పట్టేలా లేవు."

"అసలు కాటన్ సార్. ఆడపిల్లల హాస్టల్ గదా. పొద్దుగాల తలస్నానం చేసి, తడి జుట్టుతోనే పుస్తకం పట్టుకుని పండుకుంటరు. తడి పీల్చకపోతె తలనొప్పి. రాత్రి జారకుండ షీట్లకు నాడాలు గూడ కుట్టిన. రెక్సిన్ వీపుకు అతుక్కోదు."

ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి నడిచి, టేబుల్ దగ్గర తన చోట కూర్చుని, "పెరుగు వెయ్యవయ్యా," అని కేకేశాడు. నేనూ కూర్చున్నాను. పెరుగన్నం కలుపుకుంటూ బెడ్‌షీట్ పరిచాం. ఆయన నాడాలు లాగి చూశాడు, అంచులు తిప్పి చూశాడు, కుట్టు గీకి చూశాడు. ఆయన మళ్ళీ చెయ్యి కడుక్కోవాల్సి వచ్చింది కదా, రేటు అక్కడే తేలింది. దసరాలోపు మొదటి లోడు ఇవ్వాలన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఆంటీ అడిగిన మొదటి మాట, "వాడు ఆకు ఎటు మడిచాడు?"

"ఇటే ఆంటీ."

"నువ్వో?"

చూసుకున్నాను. నావైపుకే మడిచి ఉంది. ఎప్పుడు మడిచానో నాకే తెలియదు. ఆవిడ ఆ మరక పడ్డ గలీబు తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో, నెయ్యి డబ్బా పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత ఎక్కడ తిన్నా చేతులు దాంతోనే తుడుచుకునేది. కొత్తవాళ్ళకు కూడా అదే అందించేది. "ఈ పిల్ల కుట్టిందే. పట్టుకుని చూడండి," అనేది. అలా నాకు చంపాపేట్ నుంచి మీర్‌పేట్ దాకా ఎంతమంది భోజనం మనుషులయ్యారో.

మా నాయిన విని, "టిఫిన్ సెంటర్ ఆయనకు ఫోన్ జేసి చెప్పు, కొట్టం ఖాళీ లేదని. నేను చెప్తె మంచిగుండదు," అన్నాడు. నేనే చెప్పాను, చాలా మంచిగా అనిపించింది.

ఈ ఏడాది మొదట్లో ఆంటీ మంచం పట్టింది. చూడ్డానికి వెళ్తే దిండుకు ఆ గలీబే ఉంది. ఎంత ఉతికినా పసుపు మరక పోలేదు. డాక్టర్లు పప్పు వద్దన్నారట, కారం వద్దన్నారట. మెత్తటి పెరుగన్నం ఒక్కటే.

"ఊరు లేదు, పిల్లలు లేరు, నేరుగా పెరుగే పెట్టేస్తున్నారే," అంది నన్ను చూసి. "పప్పు లేకుండా పనిలోకి దిగిపోయినట్టుంది. ఇంత తొందరేంటే వీళ్ళకి?"

నవ్వుదామని చూశాను. "లేవుండ్రి ఆంటీ, మెస్‌కు పోదాం," అన్నాను.

"ఏం కూర ఇవాళ?"

"దొండకాయ."

"దొండకాయకా! వంకాయ ఉన్నప్పుడు చెప్పు, వస్తాను," అంది. మెస్‌లో వంకాయ రోజున ఆవిడకు రెండుసార్లు వడ్డించాలని సర్వర్‌కి కూడా తెలుసు.

వంకాయ రోజు రాకుండానే పోయింది. ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్లో పెద్దకర్మ చేశారు. గ్యాస్ ఆయన వచ్చాడు, నీళ్ళ డబ్బాల ఆయన వచ్చాడు, చింకి గుడ్డల పరుపుల ఆయన కూడా వచ్చి మూలన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఆవిడతో కూర్చుని తిన్నవాళ్ళే. బంతుల్లో కూర్చున్నాం. పప్పు వచ్చింది, కూర వచ్చింది, చారు వచ్చింది. పెరుగు దగ్గర కూడా ఎవరూ పని మాట ఎత్తలేదు. ఎవరికి వాళ్ళు ఆకుల్లోకి చూసుకుంటూ తిన్నారు.

తినడం అయ్యాక నా చెయ్యి ఆకు అవతలి అంచు పట్టుకుని నావైపుకి లాగబోయింది. పక్కన కూర్చున్న ముసలావిడ, ఆంటీ వాళ్ళ చుట్టం, మెల్లగా నా మణికట్టు పట్టుకుంది.

"ఇవాళ అటు మడవాలమ్మా."

మొదటి భోజనం రోజు నన్ను ఎవరూ ఆపలేదు, అటే మడిచేశాను, ఆవిడ నల్లా పట్టుకుని నవ్వింది. ఈసారి అటు మడవమంటే చెయ్యి వెళ్ళలేదు. ఆ ముసలావిడే నా ఆకు మడిచింది.

సరే, మొన్నటి మెస్ దగ్గరికొస్తాను. కొత్త సార్ పప్పులో చెయ్యి పెట్టగానే అడిగేశాడు. "మేడం, రేటు సంగతి జర ముందే మాట్లాడుకుందమా?"

"పెరుగు దాంక ఆగుండ్రి సార్."

"పెరుగు దాంకనా? గదేంది మేడం?"

"పప్పు సల్లారుతది. మీది ఏ ఊరు?"

"గిదే మేడం, చంపాపేట్."

"సొంతూరు?"

"సొంతూరే చంపాపేట్. తాతల కాలం కెంచి ఆడ్నే."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది నాకు. సర్వర్‌ని పిలిచి, ఆయనకు ఇంకో గరిటె పప్పు వేయించాను. నా పక్కన మూడో ఆకు ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. కూర గిన్నెతో వచ్చినప్పుడల్లా సర్వర్ దానివైపు చూస్తున్నాడు. చివరికి చారు దగ్గర సర్వర్‌కి చెప్పాను, ఆవిడ పోయిందని. జబ్బులు మాట్లాడుకునే చోటు కదా, అక్కడైతే చెప్పగలిగాను. ఆయన చారు గరిటె గిన్నెలో పెట్టేశాడు. తర్వాత, "ఇవాళ వంకాయండి," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

పెరుగు దగ్గర పని మాట్లాడుకున్నాం. సార్ తిని, లేస్తూ, ఆకు అటువైపు మడిచేశాడు. నేను ఆపలేదు. చేతులు కడుక్కునేటప్పుడు అద్దంలో చూస్తూ చెప్తాను, అది అక్కడ చెప్పాల్సిన మాట. ఆయన బేసిన్ వైపు నడిచాక నా ఆకు నావైపుకి మడుచుకున్నాను. పక్కనున్న ఖాళీ ఆకు అవతలి అంచు పట్టుకుని, దాన్ని కూడా ఇటే మడిచి లేచాను.